రాత్రివేళ రాతిపని

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున జూబిలీ హిల్సు, ఫిలిం నగరు అను ప్రాంతములు కలవు. ఇవి రెండును కొండనేలలు. దక్కను పీఠభూమికి పునాదియైన గ్రానైటు రాయి ఇచ్చట నేలపొరను చీల్చుకొని పైకి లేచినది. దాని వయస్సు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరములని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఒక గుండుపై మరియొక గుండును ఎవరో పనిగట్టుకొని పేర్చినట్లు కనబడు ఆ రాళ్లను ఇప్పటికిని చూడదలచినవారు 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనమునకు పోవచ్చును. తక్కిన చోట్ల అవి వేగముగా మాయమగుచున్నవి.

అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిన నాడు ఆ పరిసరములలో రాళ్లును ముళ్లపొదలును తప్ప చెప్పుకొనదగిన వస్తి లేదు. అంతవరకు మద్రాసును ఆశ్రయించి బ్రదికిన తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమక్రమముగా ఈ గుట్టలకు చేరెను. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వెలసెను. వాణిజ్యమండలి కార్యాలయమును ఫిలిం నగరులోనే ఏర్పడెను. నటులు, దర్శకులు, సాంకేతిక నిపుణులు ఇండ్లు కట్టుకొనిరి. వారి వెనుక వ్యాపారులు వచ్చిరి. వీరందరి ఇండ్లలోను స్టూడియోలలోను పనిచేయు కూలీలు, వడ్రంగులు, వంటవారు, డ్రైవర్లు చుట్టుప్రక్కల బస్తీలలో స్థిరపడిరి. ఒక కుటుంబమునకై కట్టిన మేడలను పడగొట్టి, వాని స్థానమున అనేక అంతస్తుల భవనములను లేపుట నేటి పద్ధతి. అంతస్తులు పెరిగిన కొలది కార్లు పెరుగును. కార్లు నిలుపుటకు నేలక్రింద సెల్లారులు కావలెను. సెల్లారు తవ్వవలెనన్న ఇచ్చట మట్టి లేదు. ఉన్నది రాయి. కావున జూబిలీ హిల్సులో ఇల్లు కట్టుట యనగా ముందుగా రాయి కొట్టుట యని అర్థము. ఈ శబ్దపు కథ యంతయు అక్కడనే మొదలగుచున్నది.

పగటిపూట ఆ చప్పుడు బండ్ల రొదలో కలిసిపోవును. రాత్రి పది గంటలు దాటిన పిమ్మట దానిని కప్పిపుచ్చు ఇతర ధ్వనులు తగ్గిపోవును. అప్పుడు పొక్లెయినుకు తగిలించిన బ్రేకరు రాతిపై వేయు దెబ్బలు ఒక్కొక్కటిగా వినవచ్చును. విరిగిన బండలు ఖాళీ టిప్పరులో పడు ధ్వని, వెనుకకు నడచు లారీ కూత, ఇనుప చువ్వలను ఎత్తునుండి జారవిడుచు మోత దానికి తోడగును.

ధ్వని తీవ్రతను కొలుచు మానమునకు డెసిబెల్ అని పేరు. ఈ కొలత మనకు అలవాటైన గజములు, వీశెల వంటిది కాదు. పది డెసిబెళ్లు పెరిగినచో ధ్వనిశక్తి పదింతలగును. ఇరువది పెరిగినచో నూరింతలగును. ఐతే మన చెవి అంత లెక్క పెట్టదు. పది డెసిబెళ్లు పెరిగినప్పుడు శబ్దము సుమారు రెండింతలైనట్లు దానికి తోచును. చెవికి గల ఈ ఉదారత్వమే మనలను మోసగించుచున్నది. కొంచెమే పెరిగినదనుకొన్న శబ్దము నిజమునకు చాల పెరిగియుండును.

రాతిని పగులగొట్టు పెద్ద బ్రేకరు 15 మీటర్ల దూరమున సుమారు 90 డెసిబెళ్ల ధ్వని చేయును. బయలు ప్రదేశమున దూరము రెట్టింపైనప్పుడెల్ల ధ్వని ఆరు డెసిబెళ్లు తగ్గుననునది సూత్రము. ఇక లెక్క కట్టి చూడుడు. 30 మీటర్ల వద్ద 84, 60 మీటర్ల వద్ద 78, 120 మీటర్ల వద్ద 72, 240 మీటర్ల వద్ద 66. నివాస ప్రాంతములలో రాత్రివేళ ధ్వని సగటున 45 డెసిబెళ్లకు మించరాదని మన దేశపు నియమము. పావు కిలోమీటరు దూరమున నున్న ఇంటి ముంగిట కూడ ఆ యంత్రము మ్రోగుచున్నంతసేపు, అనుమతింపబడిన దానికంటె నూరురెట్లకు మించిన ధ్వనిశక్తి ఉండునన్నమాట. కేవలము దూరముచేతనే ఆ ధ్వని 45కు దిగవలెనన్నచో రెండున్నర కిలోమీటర్లు దాటవలెను! వీధిలోని గోడలు, చెట్లు, మేడలు అడ్డుపడుటచే వాస్తవముగా అంతకంటె ముందే తగ్గును. కాని కొండప్రాంతమునకు ఒక ప్రత్యేకత కలదు. పల్లమున పనిచేయు యంత్రమునకును, ఎదుటి గుట్టమీది కిటికీకిని నడుమ అడ్డమేమియు ఉండదు. నగ్నమైన రాతిముఖము ధ్వనిని మింగక తిప్పి కొట్టును. సమతల ప్రదేశమున నాలుగు వీధుల అవతల అణగిపోవు మోత ఇచ్చట లోయ దాటి వచ్చి తలుపు తట్టును.

రాత్రి గాలి కూడ ఈ శబ్దమునకు సాయపడును. పగలు నేల వేడెక్కియుండుటచే నేలదగ్గరి గాలి వెచ్చగను పైగాలి చల్లగను ఉండును. ధ్వని పైకి వంగిపోవును. నిర్మలమైన రాత్రులందు నేల త్వరగా చల్లబడి, క్రిందిగాలి పైగాలికంటె చల్లనగును. అప్పుడు ధ్వని పైకి పోక క్రిందికే వంగి దూరదూరములకు ప్రాకును. దూరపు రైలుకూత పగటికంటె రాత్రి స్పష్టముగా వినబడుటకు ఇదియొక కారణము. ఇది గాక బ్రేకరు దెబ్బ గాలిలోనే కాక రాతిలోను ప్రయాణము చేయును. గ్రానైటు కఠినమైనది గనుక అదురు అంత త్వరగా చావదు. అది పునాదినుండి గోడకు, గోడనుండి మంచమునకు ప్రాకును. కిటికీలు మూసికొన్నను ఫలితము లేదని వాపోవువారి బాధకు మూలమిదియే.

ఈ సందర్భమున స్టూడియోవారి విద్యను గూర్చి కొంత చెప్పవలసియున్నది. చిత్రీకరణ జరుగు శాల వెలుపల ఎర్రదీపము వెలిగినదనగా అడుగుల సవ్వడి కూడ వినరాదు. ఆ నిశ్శబ్దమును సంపాదించుటకు వారు చాల ధనము వెచ్చింతురు. ధ్వనిని ఆపుట వేరు, ధ్వనిని పీల్చుట వేరు అని వారెరుగుదురు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున 1895లో ఒక ఉపన్యాసశాలలో మాటలు ప్రతిధ్వనించి అర్థము కాకుండెను. వాలెసు సబైను అను ఆచార్యుడు ఆ శాలలో మెత్తలు పరచి, ఎన్ని మెత్తలకు ప్రతిధ్వని ఎంత తగ్గునో కొలిచెను. భవన ధ్వనిశాస్త్రమునకు అదియే ఆరంభము. మెత్త లోపలి ప్రతిధ్వనిని పీల్చునే గాని వెలుపలి మోతను ఆపలేదు. దానిని ఆపగలది బరువైన గోడ. ఒక గోడకు బదులు నడుమ ఖాళీ విడిచిన రెండు గోడలైనచో మరియు మేలు. నేలలోని అదురును తప్పించుటకు స్టూడియో గదుల నేలను రబ్బరు దిమ్మలపై నిలుపుదురు. ఇంటిలో దళసరి తెరలు వ్రేలాడదీసి రాతిపని శబ్దమునుండి తప్పించుకొనగోరువారు ఈ భేదము తెలియక డబ్బు పోగొట్టుకొనుచున్నారు. ఒక పల్లవిని పదిమారులు వినిపించి దోషమెంచు ధ్వని నిపుణులున్న పేటలోనే ప్రజలు బ్రేకరు మోతలో నిద్రింపవలసి వచ్చుట విచిత్రమే.

నిద్ర చెడిన నష్టమేమి? కొందరు ‘అలవాటు పడుదురు’ అని చెప్పుదురు. మనస్సు కొంత అలవాటు పడుమాట నిజమే. శరీరము అంతగా పడదు. మేలుకొనకపోయినను హఠాత్తుగా వచ్చు శబ్దమునకు గుండె వేగము పెరుగును, రక్తపు ఒత్తిడి హెచ్చును, గాఢనిద్ర పలుచనగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో పడకగదిలో 30 డెసిబెళ్లు మించరాదని సూచించెను. 2009లో ఐరోపా దేశములకై ప్రకటించిన మార్గదర్శకములలో రాత్రివేళ ఇంటివెలుపల సగటున 40 మించకుండుట మంచిదని చెప్పెను. కొంచెము తెరచిన కిటికీ 15 డెసిబెళ్ల మేరకు మాత్రమే ధ్వనిని తగ్గించును. ఇందాకటి లెక్కలోని 66 నుండి 15 తీసివేసి చూచినచో, పడకగదిలో ఎంత మిగులునో మీకే తెలియును. పగలు చదివిన పాఠము మనస్సులో కుదురుకొనునది నిద్రలోనే గనుక, ఈ విషయము పరీక్షలకు చదువుకొను మీవంటి బాలబాలికలకు పరాయిది కాదు.

నష్టము అందరికిని సమానము కాదు. మేడలో నున్నవాడు రెండు పొరల గాజుకిటికీలు బిగించుకొని, ఎయిర్ కండిషనరు వేసికొని పడుకొనగలడు. ఫిలిం నగరు బస్తీలోని రేకుల ఇంటివాడు వేసవిలో తలుపు మూసికొనిన ఉక్కపోతతో చచ్చును. తెరచిన మోతతో చచ్చును. ఆ ఇంటి తండ్రి తెల్లవారుజామున పనికి పోవలెను. మరియొకడు కలడు, వానిని మనము తరచుగా మరచుచున్నాము. కట్టడపు ఆవరణలోనే రేకులషెడ్డులో భార్యాబిడ్డలతో నిద్రించు కూలీ. పగలు పని, రాత్రి పని మోత. ఎవ్వరికంటెను యంత్రమునకు దగ్గరనున్నవాడు వాడే. ఫిర్యాదు చేయలేనివాడును వాడే.

ఇక రాత్రియే పని ఎందుకు చేయుదురు? ఊరక దుర్మార్గము వలన కాదు, కారణములు కలవు. సిమెంటుతో నీరు కలిసిన క్షణమునుండి కాంక్రీటు గట్టిపడ నారంభించును. రెడీమిక్సు కాంక్రీటును బండిలో కలిపిన రెండు గంటలలోపల పోసివేయవలెనని నిర్మాణ ప్రమాణము. స్లాబు సగము పోసి ఆపినచో పాతపొరకును క్రొత్తపొరకును సరిగా అతుకు పడక, ఆ చోట స్లాబు బలహీనమగును. అందుచేత మొదలుపెట్టిన స్లాబు ముగియువరకు మేస్త్రీ విడువడు. వేసవి ఎండలో కాంక్రీటు త్వరగా బిగియుట, బీటలు వారుట కలదు గనుక చల్లనివేళను కోరుట తప్పు కాదు. పెద్ద లారీలు పగటివేళ నగరవీధులలో తిరుగుటపై ఆంక్షలున్నవి. ఇసుక, కంకర, ఇనుము చేరుటకును, రాతిముక్కలు పోవుటకును రాత్రియే దక్కును. పొక్లెయినుకు గంటల లెక్కన అద్దె; అప్పుకు నెలనెలా వడ్డీ. ఇన్ని తొందరలు కట్టించువాని వీపున నుండును.

ఐనను వీనిని వేరుచేసి చూడవలెను. కాంక్రీటును నడుమ ఆపరాదన్న మాట సత్యము. దానిని రాత్రి పది గంటలకు మొదలు పెట్టవలెనని ఏ శాస్త్రమును చెప్పలేదు. ఉదయము 6 మొదలు రాత్రి 10 వరకు పదునారు గంటలు కలవు. వేకువనే మొదలుపెట్టుటకు ముందునాడే చువ్వలు కట్టి, సెంట్రింగు సరిచూచి, బండ్ల వరుస కుదుర్చుకొన్నవాని స్లాబు చీకటిపడకముందే ముగియును. రాయి మాట చెప్పనే యక్కరలేదు. 250 కోట్ల సంవత్సరములు ఆగిన రాయి తెల్లవారువరకు ఆగలేదా? రాతిని సగము కొట్టి ఆపినచో దానికి వచ్చు హాని లేదు. రాత్రిమోతలో మిక్కిలి బాధాకరమైనది ఏదో, అదియే రాత్రికి ఏ మాత్రము అవసరము లేనిది.

అవసరమైన శబ్దము, అనవసరమైన శబ్దము అను ఈ భేదమును చేపట్టి గెలిచిన ఒక స్త్రీ కథ కలదు. న్యూయార్కు నగరమున హడ్సను నదీతీరమున జూలియా బార్నెట్ రైసు అను నామె నివసించుచుండెను. నదిలోని లాగుడు పడవలవారు రాత్రియెల్ల ఈలలు వేయుచుండిరి. ప్రమాదమును తప్పించుటకు అవి తప్పవని అందరును నమ్మిరి. ఆమె విద్యార్థులను నియమించి రాత్రులందు ఆ ఈలలను లెక్కపెట్టించెను. అందు పెక్కు ఈలలు ప్రమాద సూచనలు కావు. పడవలవారు ఒకరినొకరు పలుకరించుకొనుటకును, ఒడ్డుననున్న తోడివారిని పిలుచుటకును వేసినవి! ఆమె 1906లో అనవసర శబ్ద నివారణ సంఘమును స్థాపించెను. 1907లో అమెరికా శాసనసభ అనవసరపు ఈలలను నిషేధించుచు చట్టము చేసెను. ఆమె పడవలు నడువరాదనలేదు. ఆమె బలమంతయు ఆ లెక్కలో నున్నది.

పగలైనను రాతిని ఇంత మోతతోనే పగులగొట్టవలెనా? రాయి కొట్టుటలో తరతరముల నేర్పుగల వడ్డెరవారు వరుసగా రంధ్రములు చేసి, ఇనుప చీలలు దిగగొట్టి, గీత గీచినట్లు బండను చీల్చెడివారు. దానికి దగ్గరి పద్ధతియే నేడును కలదు. రాతిలో రంధ్రములు తొలిచి, సున్నము ప్రధానముగా గల ఒక పొడిని నీటితో కలిపి వానిలో పోయుదురు. సున్నము నీటిని పీల్చి ఉబ్బును. ఆ ఒత్తిడికి కొన్ని గంటలలోనో ఒక దినములోనో బండ తనంతట తానే చీలును. రంధ్రములు తొలుచునప్పటి చప్పుడు తప్ప తక్కినదంతయు నిశ్శబ్దమే. అద్దెబ్రేకరు కంటె ఖర్చు, ఆలస్యము ఎక్కువ గనుక దీనిని కొందరే వాడుచున్నారు. యంత్రమునకును ఇండ్లకును నడుమ చూపునకు అడ్డముగా బరువైన పలకలు నిలిపినను మేలే. వాని నడుమ సందులుండరాదు. ధ్వని నీటివంటిది, చిన్న సందునను దూరివచ్చును.

శబ్దమును మూలముననే అణచవచ్చుననుటకు డీజిల్ జనరేటరే సాక్షి. వీధిలో షూటింగు జరిగిన రాత్రి ఒకప్పటి జనరేటరు బండి పేటనంతను అదరగొట్టెడిది. ఒక మీటరు దూరమున 75 డెసిబెళ్లు మించరాదని కేంద్రప్రభుత్వము నియమము చేసిన పిమ్మట తయారీదారులు దానిని ధ్వనిని ఆపు పెట్టెలో బిగించి అమ్మవలసివచ్చెను. యంత్రము అదే, మోత మారినది.

శాసనము విషయమునకు వత్తము. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద 2000వ సంవత్సరమున శబ్దకాలుష్య నియమములు వెలువడెను. రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు రాత్రిగా ఆ నియమములు నిర్ణయించినవి. నివాస ప్రాంతమునకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టు 100 మీటర్లకు తగ్గని ప్రదేశమును ప్రభుత్వము నిశ్శబ్ద ప్రాంతముగా ప్రకటింపవచ్చును; అచ్చట హద్దు పగలు 50, రాత్రి 40. జీవించు హక్కులో ప్రశాంతముగా జీవించు హక్కు ఇమిడియున్నదనియు, వినుటకు ఇష్టపడనివానిని వినుమని నిర్బంధించు హక్కు ఎవ్వరికిని లేదనియు సుప్రీంకోర్టు 2005 జూలైలో తీర్పు చెప్పెను. 2010లో నియమములకు జరిగిన సవరణ మన విషయమునకు అన్నిటికంటె ముఖ్యము. నివాస ప్రాంతములలోను నిశ్శబ్ద ప్రాంతములలోను రాత్రివేళ శబ్దము చేయు నిర్మాణ యంత్రములను నడుపనే రాదని అది స్పష్టముగా చెప్పుచున్నది.

ఈ సవరణ వలన ఫిర్యాదు చేయువానికి గొప్ప సౌకర్యము కలిగినది. అంతకుముందు శబ్దము హద్దుకంటె పది డెసిబెళ్లో అంతకు మించియో ఉన్నదని చూపవలసియుండెను. అర్ధరాత్రి కొలత పరికరము ఎవనియింట నుండును? ఇప్పుడు రాత్రి ఆంక్షను ఉల్లంఘించుటయే ఫిర్యాదుకు చాలును. యంత్రమేది, ఏ ప్లాటులో, ఎన్ని గంటలనుండి ఎన్ని గంటలవరకు నడచినది అను వివరములు వ్రాసి పోలీసువారికో, నగరపాలక సంస్థకో, కాలుష్య నియంత్రణ మండలికో ఇయ్యవచ్చును. తేదీలు, వేళలు వరుసగా వ్రాసిపెట్టుకొన్న చీటీకి ‘రోజూ మోతగా నున్నది’ అను వాక్యమునకంటె ఎన్నో రెట్ల విలువ కలదు. నేరమునకు పూర్వము జైలుశిక్ష కూడ ఉండెను. 2023లో చేసిన సవరణతో దాని స్థానమున 10,000 రూపాయల మొదలు 15 లక్షల రూపాయల వరకు ధనదండన ఏర్పడెను. దేశమున శబ్దమును నిరంతరము కొలుచు కేంద్రములను 2011లో ఏర్పరచినప్పుడు హైదరాబాదులో నివాస ప్రాంతమునకు ఉదాహరణముగా ఎన్నుకొన్నది జూబిలీ హిల్సునే. ఆ పేటవారు న్యాయస్థానమునకు పోవుటకును వెనుదీయలేదు. పబ్బులలోని రాత్రి సంగీతముపై వారు హైకోర్టును ఆశ్రయింపగా 2022లో రాత్రి పది గంటల తరువాత దానిని ఆపవలెనని ఉత్తర్వు వెలువడినది.

ఇంతవరకు బాగుగనే యున్నది గాని చిక్కు ఒకటి మిగిలియున్నది. రాత్రి యంత్రము నడుపరాదని ఒక నియమము. పగలు పెద్ద లారీ తిరుగరాదని మరియొక నియమము. బ్రేకరు పదింటికి ఆగినను, అది పగలెల్ల విరిచిన రాతిని మోయు టిప్పరులు పదింటి తరువాతనే రావలెను. బండలను యంత్రముతో ఎత్తి ఇనుప తొట్టిలో పడవేయు మోత బ్రేకరు మోతకు పెద్దగా తీసిపోదు. పగటివేళ రద్దీ లేని కొన్ని గంటలను ఈ బండ్లకు విడుచుటయో, రాత్రి తొలిజాముననే ఎత్తుడు ముగియునట్లు చూచుటయో, తొట్టి అడుగున రబ్బరు పరపించుటయో పోలీసుశాఖయు నగరపాలక సంస్థయు కలిసి కూర్చుండి తేల్చుకొనవలసిన పని.